అక్కి మానినా మంట ఎందుకు పోదు? నరాలకి నిజంగా గుర్తుంటుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 61 ఏళ్ళు. పోయిన ఎండాకాలంలో ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా అక్కి లేచింది. పొక్కులు మానాయి కానీ ఏడాది దాటినా మంట పోలేదు. చూసిన డాక్టరు "నరాలు నొప్పిని గుర్తుపెట్టుకున్నాయి" అన్నారు. నరాలు గుర్తుపెట్టుకోవడమేమిటి, గుర్తుంటే దాన్ని చెరపలేమా అని మీ సందేహం. పైగా ఈమధ్య ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నారు, నొప్పి వల్ల మెదడు దెబ్బతింటోందేమోనని మీ భయం.

నేను మత్తు డాక్టరుగా మొదలుపెట్టి, చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో పెయిన్ క్లినిక్ నడుపుతున్నాను. అక్కి తర్వాతి మంటతో వచ్చేవాళ్ళని తరచూ చూస్తుంటాను. సూటిగా చెప్తాను. మీ డాక్టరు అన్నది ఓదార్పు మాట కాదు, చాలావరకు నిజం. చదివిన పాఠం మెదడులో నిలవడానికి ఏ మార్పులు జరుగుతాయో దాదాపు అవే మార్పులు అమ్మగారి వెన్నుపాములో జరిగి ఉంటాయి. వాటిని చెరిపేసే మందు ఇప్పటికి లేదు. మంటని తగ్గించే దారులు మాత్రం ఉన్నాయి, ఏడాది దాటాక కూడా. ఇక మతిమరుపంటారా, నా మొదటి అనుమానం ఆవిడ మాత్రల డబ్బా మీద.

అక్కి ఎక్కడ మొదలవుతుందో ముందు చెప్తాను. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు వచ్చిన వైరస్ తగ్గాక కూడా ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కనే ఉండే నరాల ముడుల్లో దశాబ్దాల పాటు కదలకుండా ఉండి, వయసు పైబడో ఒంట్లో నిరోధక శక్తి తగ్గో ఏదో ఒక ముడిలో మళ్ళీ లేస్తుంది. ఆ ముడి నుంచి వెళ్ళే నరం చర్మంలో ఏ పట్టీని చూసుకుంటుందో ఆ పట్టీలోనే పొక్కులు వస్తాయి. అక్కి ఒంటికి ఒక పక్కనే రావడం అందుకే. ఆ నరం వాచి, కొంత చచ్చి, వారాల తరబడి వెన్నుపాముకి ఆగకుండా నొప్పి సంకేతాలు పంపుతుంది. అసలు కథ వెన్నుపాములో ఆ నరం చేరే మొదటి మజిలీ దగ్గర మొదలవుతుంది.

ఒక నరం ఇంకో నరానికి సంకేతం అందించే చోటుని సినాప్స్ అంటాం. అక్కడ రెండూ తాకవు, మధ్యలో సన్నటి సందు ఉంటుంది. ఇవతలి నరం గ్లూటమేట్ అనే రసాయనం వదిలితే, అవతలి నరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయి. మామూలుగా పని నడిపించేవి ఆంపా అనే రకం గ్రాహకాలు. పక్కనే ఎన్‌ఎండీఏ అనే ఇంకో రకం ఉంటుంది గానీ దాని దారికి మెగ్నీషియం అడ్డుపడి ఉంటుంది. సంకేతాలు గట్టిగా, ఎడతెగకుండా వచ్చినప్పుడు ఆ మెగ్నీషియం తప్పుకుంటుంది, కాల్షియం లోపలికి దూరుతుంది. దాంతో లోపలి ఎంజైములు లేచి, ఇంకా కొన్ని ఆంపా గ్రాహకాలని పైకి చేరుస్తాయి. ఇక అప్పటినుంచి అంతే సంకేతానికి అవతలి నరం అంతకంటే గట్టిగా స్పందిస్తుంది. ఇది సాగితే కణం కొత్త ప్రోటీన్లు తయారుచేసుకుని ఆ మార్పుని స్థిరపరుస్తుంది.

దీన్ని మొదట పట్టుకున్నది నొప్పి మీద పనిచేసేవాళ్ళు కాదు, జ్ఞాపకం మీద పనిచేసేవాళ్ళు. 1966లో ఓస్లోలో తెర్యే లోమో కుందేలు మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో ఒక నరాల దారికి కాసేపు వేగంగా కరెంటు పంపి చూశాడు. ఆపేశాక కూడా ఆ దారిలో స్పందన గంటల తరబడి హెచ్చుగానే ఉండిపోయింది. టిమ్ బ్లిస్‌తో కలిసి 1973లో దాని మీద పూర్తి పత్రం అచ్చువేశాడు. అమెరికాలో జ్ఞాపకం మీదే పనిచేసిన ఎరిక్ కాండెల్ ఎంచుకున్నది సముద్రపు నత్త. దాని తోకకి షాకిస్తే, తర్వాత నీళ్ళు వదిలే గొట్టాన్ని (సైఫన్) మెల్లగా తాకినా మొప్పని గట్టిగా ముడుచుకుంటుంది. ఒక్క షాకు ప్రభావం నిమిషాల్లో పోతుంది. రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ ఇస్తే వారాలు నిలుస్తుంది. అలా నిలిచిన నత్తల్లో స్పర్శ మోసే నరం ఏర్పరచే సినాప్సులు దాదాపు రెట్టింపయ్యాయి. ఆ పనికి ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది. నాకు దీంట్లో ఆసక్తిగా అనిపించేది ఏమిటంటే, జ్ఞాపకం గుట్టు తెలుసుకోవడానికి ఆయన వాడుకున్నది నొప్పినే. దెబ్బ తగిలిన చోటుని గుర్తుపెట్టుకోవడం జీవులకి ఉన్న అతి పాత పాఠాల్లో ఒకటి.

ఇదే వెన్నుపాములోనూ జరుగుతుందని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకల్లో చూపించాడు. గాయమయ్యాక కాలు వెనక్కి లాక్కునే ప్రతిస్పందన పెరిగిపోయింది. తర్వాత గాయమైన చోటుకి మత్తిచ్చినా ఆ పెరిగింది పూర్తిగా దిగిరాలేదు. అంటే తంటా గాయంలో మిగల్లేదు, వెన్నుపాములోకి మారిపోయింది. దీన్నే సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. వినాయక చవితి మండపంలో మైకు గెయిన్ పూర్తిగా పెంచేసి వదిలేస్తే, ఎవరూ మాట్లాడకపోయినా గాలికి కూడా బాక్సు కుయ్యిమంటుంది చూడండి, అమ్మగారి వెన్నుపాములో ఆ పట్టీ పరిస్థితి అదీ. మైకు ముందున్న మనిషి తప్పేమీ లేదు.

ఇంట్లో దీన్ని ఎలా గుర్తుపట్టాలి? క్లినిక్‌లో నేను చేసే పరీక్షకి యంత్రాలేమీ అక్కర్లేదు. ఇంత దూది, ఒక బాల్‌పెన్ చాలు. బాగున్న చర్మం మీద నుంచి దూదిని మెల్లగా జరుపుకుంటూ వస్తాను. "ఇక్కడ మారింది" అన్నచోట పెన్నుతో చుక్క పెడతాను. చుట్టూ అలా పెట్టి చుక్కలు కలిపితే మంట హద్దు తేలుతుంది. మల్కాజిగిరి నుంచి వచ్చే ఒక పెద్దావిడ పమిటని కుడిపక్కకి తిప్పి వేసుకుని, దాన్ని కూడా చేత్తో ఒంటికి దూరంగా పట్టుకుని కూర్చునేవారు. "ఫ్యాన్ గాలి తాకినా మంట లేస్తది సార్, గట్టిగ అదిమి పట్టుకుంటే మాత్రం పానం హాయిగుంటది" అనేవారు. ఆవిడ హద్దు గీస్తే అక్కి మచ్చలు దాటి రెండు వేళ్ళ వెడల్పు కిందికి వచ్చింది. అక్కడ పొక్కు ఎన్నడూ లేవలేదు, చర్మం శుభ్రంగా ఉంది. ఆ చోటు నుంచి వచ్చే మంచి నరం కూడా వెన్నుపాములో, పక్కనే రెచ్చిపోయి ఉన్న కణాల దగ్గరికే చేరుతుంది. స్పర్శ మోసే నరాలకీ నొప్పి మోసే దారికీ మధ్య మామూలుగా ఉండే అదుపు అక్కడ సడలిపోతుంది. అందుకే చీర కొంగు సైతం నిప్పులా తగులుతుంది. గట్టిగా అదిమితే హాయిగా ఉండటం కూడా చాలామంది చెప్పేదే, నటన కాదు. ఇంట్లోవాళ్ళు "తాకితే నొప్పంటుంది, తనే నొక్కుకుంటుంది" అని విసుక్కోవడం నేను చాలాసార్లు విన్నాను. దయచేసి ఆ మాట అనకండి.

ఎమ్మారై తీయిస్తే కనపడుతుందా అని చాలామంది అడుగుతారు. కనపడదు. సినాప్సులో గ్రాహకాలు పెరగడం స్కానింగుకి అందే సైజు కాదు. అక్కి వచ్చిన పట్టీలోనే, అదే మంట ఉంటే ఆ డబ్బు మిగుల్చుకోండి. కాలు బలహీనపడటం, మూత్రం మీద పట్టు తప్పడం, బరువు తగ్గిపోవడం, నొప్పి కొత్త చోట మొదలవడం లాంటివి ఉంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

అయితే "జ్ఞాపకం" అన్న మాటని ఎంతవరకు తీసుకోవాలి? రెండు హద్దులు చెప్తాను. ఒకటి, ఇది మనం తలుచుకునే జ్ఞాపకం కాదు. 1953లో మూర్ఛలు ఆపడం కోసం అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడి మెదడులో రెండు పక్కలా హిప్పోకాంపస్‌ని చాలామటుకు తీసేశారు. ఆ తర్వాత అతనికి కొత్త విషయమేదీ నిలవలేదు. కానీ అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీతల మధ్య గీయమంటే, రోజురోజుకీ మెరుగ్గా గీశాడు. గీసిన సంగతి మాత్రం గుర్తులేదు. ఒంటికి వచ్చే పాఠం వేరే దారిలో నిలుస్తుందన్నమాట. అమ్మగారిది ఆ కోవలోది. "దాని గురించి ఆలోచించడం మానెయ్యి, పోతుంది" అనే సలహా అందుకే పనిచేయదు.

రెండోది, అక్కి మంటలో నేర్చుకున్న భాగం కొంతే. నరం నిజంగానే దెబ్బతిని ఉంటుంది. ఆ పట్టీలో కొన్నిచోట్ల తాకితే అసలు తెలియకపోవడం, పక్కనే భరించలేని మంట, రెండూ ఉంటాయి. తెగిన పోగులు వాటంతటవే సంకేతాలు పుట్టిస్తుంటాయి. ఈ మధ్య కొన్ని వీడియోల్లో "దీర్ఘకాలం నొప్పంతా మెదడు సృష్టి, మనసు మార్చుకుంటే పోతుంది" అంటున్నారు. ఏ దెబ్బా కనపడని కొన్ని నడుం నొప్పుల్లో ఆ దారికి కొంత బలమైన ఆధారం ఉన్న మాట నిజమే. నరం చెడిన మంటకి దాన్ని అంటగట్టడం మాత్రం అన్యాయం.

ఇక చెరపడం గురించి. మత్తు డాక్టర్లం ఎన్నో ఏళ్ళుగా వాడే కెటమిన్ అడ్డుకునేది పైన చెప్పిన ఎన్‌ఎండీఏ గ్రాహకాన్నే. మరి అదిచ్చి పాఠాన్ని ఆపేయొచ్చు కదా? ఆపరేషన్ సమయంలో కొద్ది మోతాదులో ఇస్తే తర్వాతి నొప్పి కొంత తగ్గుతుంది. కానీ ఏడాది కిందట స్థిరపడిపోయిన మంటకి దాని ప్రభావం తాత్కాలికం. పైగా భ్రమలు, తల తిరుగుడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నొప్పిని నిలిపిన యంత్రాంగమూ, పాలు పొయ్యి మీద ఉన్నాయని గుర్తుంచే యంత్రాంగమూ ఒకటే. ఒకదాన్ని నొక్కితే రెండోదీ నలుగుతుంది. 2006లో, జ్ఞాపకాన్ని నిలిపి ఉంచేది ఇదేనని అప్పట్లో అనుకున్న పీకేఎం జీటా అనే ఎంజైముని అడ్డుకునే పదార్థం ఎలుకల మెదడులో ఎక్కిస్తే, అవి నేర్చుకున్న చోటుని మర్చిపోయాయి. 2010లో ఎలుకల మెదడు ముందు భాగంలో అదే ఎక్కిస్తే నరాల నొప్పి లక్షణాలు తగ్గాయి. అప్పట్లో మేమంతా ఉత్సాహపడ్డాం. 2013లో ఆ ఎంజైమే లేకుండా పుట్టించిన ఎలుకలు కూడా మామూలుగానే నేర్చుకున్నాయని తేలడంతో కథ తిరగబడింది. మనుషుల దాకా ఏదీ రాలేదు. "నరాల జ్ఞాపకం చెరిపేస్తాం" అని ఎవరైనా ప్యాకేజీ చెప్తే లేచి వచ్చేయండి.

చెరపలేకపోయినా, అదుపు చేసే నరాలని బలపరచొచ్చు, ఆ దారి మీద కొత్త పాఠం నేర్పొచ్చు. మందుల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. ప్రెగాబలిన్, గాబాపెంటిన్ నరం చివర కాల్షియం దారుల మీద పనిచేసి గ్లూటమేట్ విడుదలని తగ్గిస్తాయి. అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్, డులోక్సెటిన్ మెదడు నుంచి వెన్నుపాముకి దిగే అదుపుని పెంచుతాయి. డిప్రెషన్ మాత్ర ఎందుకు రాశారని కోపం తెచ్చుకోకండి, ఇక్కడ అది నొప్పి మందే. చిన్న మోతాదుతో రాత్రిపూట మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం, పనిచేస్తోందో లేదో తేలడానికి వారాలు పడుతుంది. మంట ఉన్న చోట లిడోకెయిన్ పట్టీ అతికించడం పెద్దవాళ్ళలో నాకు ఇష్టమైన మార్గం, రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది కాబట్టి మతికి ఇబ్బంది ఉండదు. డైక్లోఫెనాక్, నిమెసులైడ్ లాంటి మామూలు నొప్పి మాత్రలు ఈ మంటకి దాదాపు దండగ, కిడ్నీలకి చేటు. ఏడాది దాటాక వేసే సూదుల మీద నాకు పెద్ద ఆశ లేదు. కొందరికి కొన్నాళ్ళు ఉపశమనం ఉంటుంది, అంతే. నొప్పి సగానికి తగ్గితే మా లెక్కలో అది మంచి ఫలితం. పూర్తిగా పోవాలని కూర్చుంటే ఉన్న లాభం కూడా కనపడదు.

ఇప్పుడు పాల సంగతి. నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ ఉన్నారు, షుగరు, కాళ్ళ మంటలు. "సర్వీసుల టికెట్ లెక్క ఎన్నడు తప్పలే సార్, ఇప్పుడు కూరగాయల కాడ చిల్లర లెక్క తప్పుతున్న" అని బాధపడ్డారు. మాత్రలన్నీ తెమ్మన్నాను. క్యారీబ్యాగ్ బల్ల మీద బోర్లిస్తే మూడు షీట్లు బయటపడ్డాయి. ఒకటి ప్రెగాబలిన్. రెండోది ఆయన "బలం గోళీ" అనేది, మిథైల్‌కోబాలమిన్‌తో (బీ12 విటమిన్) పాటు ప్రెగాబలిన్. మూడోది నార్‌ట్రిప్టిలిన్‌తో కలిపిన ప్రెగాబలిన్. ముగ్గురు డాక్టర్లు, మూడు పేర్లు, ఒకే మందు మూడుసార్లు! ఒక్కటే ఉంచి మోతాదు సరిచేశాక కొన్ని వారాల్లో మనిషి తేరుకున్నారు. ఇలాంటి కలిపిన మాత్రలు మన మందుల షాపుల్లో కొల్లలు, కాబట్టి షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి, పైన ఉన్న కంపెనీ పేరు కాదు. ప్రెగాబలిన్ కిడ్నీల ద్వారానే పోతుంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఎక్కువుంటే మోతాదు తగ్గించాలి. అమిట్రిప్టిలిన్ వయసు మళ్ళినవాళ్ళలో మతిని మందగింపజేస్తుంది, నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. మీ అంతట మీరు ఒక్కసారిగా మాత్రం ఏదీ ఆపకండి, ఆపినందుకే మంట ఎగదన్నుతుంది, నిద్ర చెడుతుంది. రాసిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించాలి.

మాత్రలు కాకపోతే నిద్ర. పగలు నేర్చినది నిద్రలోనే నిలదొక్కుకుంటుంది, రాత్రికి నాలుగుసార్లు మంటకి లేచే మనిషికి ఆ అవకాశమే లేదు. ఇంకోటి, నొప్పి ధ్యాసని లాగేసుకుంటుంది. పొయ్యి వెలిగించే క్షణంలో పక్క భగ్గుమంటే, పాలు పెట్టానన్న సంగతి లోపల ఎక్కనే ఎక్కదు. ఎక్కనిదాన్ని మర్చిపోవడమంటూ ఏముంది? షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, పూర్తి శాకాహారి అయినా బీ12 చూపించండి, థైరాయిడ్ కూడా. బీ12 తగ్గినా మతిమరుపే, కాళ్ళ తిమ్మిర్లే.

మెదడు అరిగిపోతోందా అన్న భయానికి: ఏళ్ళ తరబడి నొప్పి ఉన్నవాళ్ళలో మెదడులోని కొన్ని భాగాలు కాస్త సన్నబడినట్టు స్కాన్లలో చూశారు, ఆ మాట దాచను. కానీ 2009లో జర్మనీలో తుంటి కీలు అరిగి ఏళ్ళుగా బాధపడ్డవాళ్ళకి ఆపరేషన్‌తో నొప్పి పోయాక మళ్ళీ స్కాన్ చేస్తే, తగ్గిన భాగాలు తిరిగి పెరిగాయి. అంటే అది తిరిగిరాని నష్టం కాదు. తెలిసిన సందులో దారి తప్పడం, ఇప్పుడే అడిగింది మళ్ళీ మళ్ళీ అడగడం, మనవల పేర్లు తడబడటం ఉంటే నొప్పి మీదకి నెట్టేయకుండా న్యూరాలజిస్టుకి చూపించండి.

ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. మంట హద్దుకి బయట నుంచి మొదలుపెట్టి, మెత్తటి పట్టుగుడ్డతో రోజుకి రెండు మూడుసార్లు కొద్ది నిమిషాలు మెల్లగా రాయడం. ఆవిడే తన చేత్తో, చూస్తూ చేసుకోవాలి. మంట లేచేదాకా వెళ్ళకూడదు, దాని అంచుల్లోనే ఆగాలి. పట్టు అలవాటయ్యాక పాత నూలు గుడ్డ, ఆ తర్వాత తువ్వాలు. స్పర్శ వచ్చినా ఏమీ కాలేదని వెన్నుపాముకి కొత్తగా నేర్పుతున్నామన్నమాట. దీనికి ఆధారం మందులంత గట్టిది కాదు, కానీ ఓపికగా చేసినవాళ్ళలో చాలామందికి లోపలి జాకెట్టు వేసుకోవడం తేలికవడం చూశాను. పాత పాఠం పోదు కాబట్టి జ్వరం వచ్చినా, పెళ్ళిళ్ళ నిద్రలేమి తర్వాతా మంట మళ్ళీ లేస్తుంది. అణగిన అలవాటు విరామం తర్వాత తల ఎత్తడం పావ్‌లోవ్ కుక్కల నాటి నుంచి తెలిసిందే. మందు ఫెయిలయిందని అప్పటికప్పుడు మార్చేయకండి, వారం పది రోజులు చూడండి.

చివరిగా మీరడగనిది. మనవైపు ఇప్పటికీ అక్కి లేస్తే ముందు కుమ్మరి దగ్గరికి వెళ్ళి జాజుతో బొమ్మ రాయించుకుంటారు. రాయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పొక్కులు ఎలాగూ కొన్ని వారాల్లో మానేవే కాబట్టి ఆ బొమ్మకి మంచి పేరొచ్చింది. కానీ యాంటీవైరల్ మాత్రలు పొక్కు కనపడిన 72 గంటల్లోపు మొదలైతేనే బాగా పనిచేస్తాయి, ఆ మూడు రోజులూ బొమ్మకి పోకూడదు. కంటి చుట్టూ లేస్తే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి. 50 దాటినవాళ్ళకి అక్కి రాకుండా రెండు డోసుల టీకా 2023 నుంచి మన దగ్గరా దొరుకుతోంది, ఖరీదు ఎక్కువే. అమ్మగారికి మళ్ళీ రాకుండా అవసరమా అన్నది ఆవిడ డాక్టరుని అడగండి. నాన్నగారు ఉంటే ఆయన సంగతి కూడా అదే రోజు అడిగేయండి. మాత్రల క్యారీబ్యాగ్ మొత్తం పట్టుకెళ్ళడం మర్చిపోకండి, చీటీలు మాత్రమే కాదు.